జనార్ధనరావుగారి పైకప్పులు

జనార్ధనరావుగారితో ఒక్కటే చిక్కు. మీరు ఏ సంగతైనా ఎత్తండి, వాన గురించి కానివ్వండి, వంకాయల ధర గురించి కానివ్వండి, మీ మరదలి పెళ్ళి గురించి కానివ్వండి, మూడో మాటకల్లా అది రెండొందల ఏళ్ళ కిందట అమెరికాలో ఒక వాగు ఒడ్డున ఎవరో కట్టించిన ఇనుప ఫౌండ్రీ ఖర్చుల దగ్గరికి చేరి, అక్కడ చెప్పులు విడిచి కూర్చుంటుంది. ఇక లేవదు.

ఆయన అమెరికా చూడలేదు. ఆ ఫౌండ్రీ కూడా ఇప్పుడు లేదు. అయినా సింగపూర్‌లో, బుకిట్ పంజాంగ్‌లో, పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో కూర్చుని ఆయన దాన్ని రోజూ కడుతూనే ఉండేవారు. ఈ సంగతి స్పందనకి తెలిసేసరికి ఆలస్యమైపోయింది. అప్పటికే ఆమె ఆయనకి బాస్ అయిపోయింది.

రెండు వేల సంవత్సరం అప్పుడే మొదలైంది. అంతకు ముందు ఏడాదంతా కంప్యూటర్లు తారీఖు మరిచిపోతాయని ప్రపంచం హడలిపోయింది. ఆ హడావిడిలో మౌసు పట్టుకోవడం వచ్చిన ప్రతి తెలుగువాణ్ణీ ఎవరో ఒకరు విమానం ఎక్కించారు. జనార్ధనరావుగారూ అలా ఎక్కినవారే. సామర్లకోట దగ్గర ఒక ఇనుప ఫౌండ్రీలో ముప్ఫై ఏళ్ళు పద్దులు రాసి, అది మూతపడితే, యాభై దాటాక కాకినాడలో కుర్రాళ్ళ పక్కన కూర్చుని కోబాల్ నేర్చుకుని, భార్య లీలావతిగారితో సహా సింగపూర్‌లో దిగారు. జనవరి ఒకటిన ప్రపంచం మునగలేదు. మునిగేది ఆయన ఉద్యోగమే అని తేలింది.

ఆ మునకలోంచి ఆయన్ని లాగింది లిమ్ గారి కంపెనీకి వచ్చిన కొత్త పని. అమెరికాలో ఒక లైబ్రరీవాళ్ళు తమ దగ్గరున్న పాత జమాఖర్చుల పుస్తకాలని పేజీ పేజీ ఫొటో తీసి పంపుతారు. ఇక్కడివాళ్ళు చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా టైపు చేస్తారు. రెండు కాపీలూ ఎక్కడ కలవవో అక్కడ వెరిఫయర్ అసలు పేజీ చూసి తీర్పు చెప్పాలి. ఆ వంకరటింకర పాత దస్తూరీ చదవగలిగిన మనిషి ఆఫీసు మొత్తం మీద జనార్ధనరావుగారొక్కరే కనుక ఆయన వెరిఫయర్ అయ్యారు. ఆయన పైన టీమ్ లీడర్ స్పందన. గుంటూరు పిల్ల, ఇరవయ్యారేళ్ళు, గడువు తేదీ తప్ప ఇంకో దేవుడు లేడని నమ్మే మనిషి.

మొదటి వారంలోనే ఆమె ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి అడిగింది. "అంకుల్, ఈ పేజీ ఇంకా క్లోజ్ కాలేదేంటి?"

"ఎలా అవుతుందమ్మాయ్? ఎబినేజరు మేస్త్రికి మూడు రోజుల కూలి ఎగ్గొట్టారు వీళ్ళు."

"ఎవరు?"

"కోల్ దొర. మన ఫౌండ్రీ కట్టించే ఆసామి. గోడ లేచింది, మేస్త్రికి మాత్రం డబ్బుల్లేవు. కావాలంటే పద్దు చూడు."

"అది మన ప్రాబ్లం కాదంకుల్. పేజీలో ఏముందో అదే టైప్ చేస్తే చాలు."

"టైపు అయిపోయిందమ్మా. మనసుకే ఇంకా క్లోజ్ కాలేదు."

మరుసటి వారం ఆయన ఆఫీసు మధ్యలో లేచి నిలబడి "ఇచ్చేశాడమ్మాయ్, ఇచ్చేశాడు, మూడు రోజులదీ కలిపి" అన్నారు. ఆయనకేదో జీతం బకాయి వచ్చిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. లిమ్ గారు కూడా గదిలోంచి బయటికొచ్చి, సంగతేమిటో తెలియకుండానే, కరచాలనం చేసి వెళ్ళారు.

ఎబినేజరు మేస్త్రి ఆయనకి అంత దగ్గరివాడు. సామర్లకోట ఫౌండ్రీలోనూ ఒక ఎబినేజరు మేస్త్రి ఉండేవాడట. ఇద్దరూ మంచి పనివాళ్ళే, ఇద్దరికీ సోమవారం పొద్దున తలనొప్పే. సోమవారం సోమవారం కూలి పద్దులో ఆ పేరు లేకపోవడం చూసి జనార్ధనరావుగారు తల పట్టుకునేవారు. ఒకసారి ఆయన మధ్యాహ్నం సెలవు చీటీ పెట్టారు. కారణం అన్నచోట 'ఆప్తుడికి ప్రమాదం' అని రాశారు. లిమ్ గారు మంచివారు, వెంటనే సంతకం చేసి, ఏ హాస్పిటల్ అని అడిగారు.

"హాస్పిటల్ లేదు సార్. వేలు నలిగింది. వైద్యుడికి అరకిరీటం, అంటే అప్పటి వెండి నాణెం, ఇచ్చారు."

"అరకిరీటం? ఎప్పుడు జరిగింది?"

"పదిహేడు వందల తొంభై నాలుగు, సార్."

లిమ్ గారు చీటీ వైపు చూశారు, సంతకం వైపు చూశారు, స్పందన వైపు చూశారు. సంతకం చేసేశాక వెనక్కి తీసుకోవడం పద్ధతి కాదని కాబోలు, వెళ్ళమని చెయ్యి ఊపారు.

ఒకరోజు ఆయన బ్లాకులో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఐదారుగురు, అందులో ఏవో ఆఫీసు కాగితాలు ఇవ్వడానికి వచ్చిన స్పందన కూడా ఉంది. జనార్ధనరావుగారికి ఇంతకన్నా మంచి సభ ఎక్కడ దొరుకుతుంది? ఇనుప దూలాన్ని మోసుకొస్తున్న రెండెడ్లు వాగు దగ్గర బురదలో దిగబడిన కథ ఎత్తుకున్నారు. ఎడ్లకి పెట్టిన గడ్డి ఖర్చు, నాడాల ఖర్చు, లాగడానికి వచ్చిన కూలీల ఖర్చు, అన్నీ ఇంగ్లీషులో, చేతులతో సహా. మెకానిక్ వచ్చి తలుపు తెరిచాక కూడా మూలనున్న మలయ్ ఆంటీ కదల్లేదు.

"సో, ద కౌ హౌ? స్టిల్ అలైవ్ ఆర్ నాట్?" అని అడిగింది.

"రేపటి పేజీలో తెలుస్తుంది" అన్నారు జనార్ధనరావుగారు. మర్నాడు ఆవిడ లిఫ్టు దగ్గర కాపు కాసింది.

ఇంట్లో లీలావతిగారి బాధ వేరు. ఆ పద్దుల్లో హన్నా అని ఒక విధవరాలు ఉండేది. కూలీలకి రొట్టె, వెన్న అమ్మేది. ఈయన ఆమెని హన్నమ్మగారు అనేవారు. "హన్నమ్మగారి వెన్నకి ఎంత గిరాకీయో చూశావా లీలా, కోల్ దొర ఇంటికి కూడా ఆవిడ దగ్గర్నుంచే" అని అన్నం ముందు కూర్చుని ఆయన అంటే, లీలావతిగారు గరిటె కింద పెట్టేవారు.

"అంత బాగుంటే ఆవిడ దగ్గరే భోంచెయ్యండి."

"చచ్చిపోయిందే పాపం, ఎప్పుడో."

"అయితే నా చేతి చారు తినండి నోరు మూసుకుని."

ఇదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది పైకప్పు.

మార్చి నెలలో ఒకరోజు పద్దులో కొలిమి షెడ్డుకి పైకప్పు ఎత్తిన ఖర్చు వచ్చింది. ఆ రోజు పనివాళ్ళందరికీ కోల్ దొర మాంసం, రొట్టె, రమ్ము ఇచ్చాడు. ఆ పేజీ చూసి జనార్ధనరావుగారికి కళ్ళు చెమర్చాయి. గోదావరి వైపు శ్లాబు వేసిన రోజున మేస్త్రి భుజాన కొత్త తువ్వాలు వేసి, మొదటి విస్తరి అతనికి వడ్డించి, అప్పుడు ఇంటివాళ్ళు తింటారు. మేస్త్రి ఆకలితో వెళితే ఆ పైకప్పు కారుతుందని నమ్మకం. అమెరికావాడికి కూడా ఈ ఆచారం ఉందని తెలిశాక ఆయన ఆగలేకపోయారు. ఆఫీసులో సగంమందినీ, బ్లాకులో తెలిసినవాళ్ళనీ ఆదివారం భోజనానికి పిలిచారు. పక్క ఫ్లాట్ చైనా తాతగారు వయసులో ఉండగా నిజంగానే ఇటుకలు పేర్చినాయన. ఆయన్ని మేస్త్రి పీట మీద కూర్చోబెట్టి భుజాన ఎర్రంచు తువ్వాలు వేశారు. రమ్ముకి బదులు లీలావతిగారు అల్లం మజ్జిగ ఇచ్చారు. ఆ తర్వాత చైనా తాతగారు ఆ తువ్వాలు లేకుండా లిఫ్టు ఎక్కిన దాఖలా లేదు.

అక్కడితో అయిపోతే సరిపోయేది. మే నెలలో మళ్ళీ పిలుపు వచ్చింది.

"రేపు మన ఫౌండ్రీకి పైకప్పు వేస్తున్నారు. భోజనానికి వచ్చెయ్యాలి."

"మొన్ననే ఏసిండ్రు గద అంకుల్?" అన్నాడు వరుణ్. కరీంనగర్ కుర్రాడు, అదే బ్లాకులో నాలుగో అంతస్తు, ఇంటర్నెట్‌లో కూరగాయలు అమ్మే కంపెనీలో ఉద్యోగం.

"అది కొలిమి షెడ్డుది. ఇది ఎడ్లకొట్టానిది. ఈసారి మేస్త్రివి నువ్వే."

"నాకు మేస్త్రి పని ఏం తెల్వదంకుల్."

"తినడం తెలుసుగా."

వరుణ్ తువ్వాలు వేసుకుని, తల వంచుకుని, నాలుగు ఆవడలు తిన్నాడు. మేస్త్రి పక్కన ఎవరు కూర్చోవాలో కూడా జనార్ధనరావుగారే నిర్ణయించేవారు. ఆ రోజు ఎవరో బ్యాంకులో పెద్ద కంప్యూటర్ ఆఫీసర్ని కూర్చోబెట్టారు.

జూలైలో తిత్తుల గదికి పైకప్పు వేశారు. యూనివర్సిటీలో పరిశోధన చేసే కౌశల్ మేస్త్రి. ఆగస్టులో బొగ్గుల పాకకి వేశారు. మేస్త్రి స్పందన. ఆ వారం ఆమెకి ఎవరి మొహమూ చూడాలని లేదు. ఇంటి దగ్గర కుదిరిన పెళ్ళి సంబంధం ఫోన్లో చెడిపోయింది. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. క్లెమెంటిలో తన గదిలో తలుపేసుకుని పడుకుందామనుకుంటే పొద్దున్నే ఫోను.

"బొగ్గుల పాక, అమ్మాయ్. తడిస్తే కొలిమి ఆగిపోతుంది. నువ్వు రాకపోతే నీదే పూచీ."

విసుక్కుంటూ వెళ్ళింది. పనసపొట్టు కూర, కొబ్బరి మామిడి పచ్చడి, ఆవడలు. ఎడ్ల కథ మలయ్ ఆంటీ వచ్చి స్వయంగా నటించి చూపిస్తుంటే, ఏడుపు బిగబట్టుకుని వెళ్ళిన పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం కారియరు నిండా కూరలు పట్టుకుని ట్రైన్ ఎక్కుతూ, పిచ్చాళ్ళు కూడా ఒక్కోసారి పనికొస్తారనుకుంది.

అక్టోబరులో ఆఫీసు గదికి పైకప్పు వేశారు. ఈసారి పీట మీద లిమ్ గారు. అప్పటికి ఈ పైకప్పుల సంగతి బుకిట్ పంజాంగ్ తెలుగువాళ్ళలో సామెత అయిపోయింది. ఎవరింట్లో పని తెమలకపోయినా 'జనార్ధనరావుగారి ఫౌండ్రీలా ఉంది' అనేవాళ్ళు. "ఇంక కోళ్ళగూడు ఒక్కటే మిగిలింది" అన్నాడు వరుణ్.

డిసెంబరులో ఆయన కాంట్రాక్టు రెన్యూవల్‌కి వచ్చింది. లిమ్ గారు స్పందనని గదిలోకి పిలిచి తలుపు వేశారు. డాట్‌కామ్ కంపెనీలు ఒక్కొక్కటీ బోర్డు తిప్పేస్తున్న రోజులు. ఉన్న ఒక్క క్లయింటునీ పోగొట్టుకునే ధైర్యం ఆయనకి లేదు.

"అంకుల్ గుడ్ మ్యాన్ లా. బట్ హౌ మెనీ రూఫ్? మార్చిలో రూఫ్, మేలో రూఫ్, అక్టోబరులో మళ్ళీ రూఫ్. ఒక మనిషి పైకప్పులే లెక్కపెట్టలేకపోతే పెన్నీలు ఎలా లెక్కపెడతాడు? అమెరికావాళ్ళు చెక్ చేస్తే మనం డై లా." లిమ్ గారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టారు. "నువ్వే చూసి చెప్పు. వచ్చే శుక్రవారం లోపల."

స్పందన తన సీటు దగ్గరికి వచ్చి లెక్క వేసుకుంది. కాంట్రాక్టు పోతే ఇక్కడ పనిచెయ్యడానికి ఆయనకిచ్చిన పాస్ పోతుంది. పాస్ పోతే నెలలోపల పెట్టె సర్దుకోవాలి. ఆ వయసులో ఇంకెక్కడా ఉద్యోగం రాదని ఆయనకి తెలుసు, ఆమెకీ తెలుసు. విసుగు మనిషే కానీ ఆయన లేని ఆఫీసు ఊహించుకుంటే ఆమెకి దిగులేసింది.

కంప్యూటర్‌లో 'రూఫ్' అని వెతికింది. మొత్తం పుస్తకాల్లో ఒక్కటే వచ్చింది. కొలిమి షెడ్డుది. ఎడ్లకొట్టం లేదు, తిత్తుల గది లేదు, బొగ్గుల పాక లేదు. ఆఫీసు గది అసలే లేదు. కోల్ దొర లెక్కలన్నీ హన్నమ్మగారి వంటింటి బల్ల మీదే రాసుకున్నాడట.

అంటే మిగతావన్నీ ఆయన కల్పించారు. స్పందనకి కోపం వచ్చింది. కల్పించే మనిషిని వెరిఫయర్‌గా ఎలా ఉంచుతారు? శనివారం కూర్చుని ఆయన క్లోజ్ చేసిన పేజీలు తీసి ఒక్కొక్కటీ అసలుతో పోల్చి చూసింది. తప్పు దొరికితే పని తేలికవుతుందని ఆమె ఆశ. దొరకలేదు. ఒక పేజీ మీద ఎప్పుడో సిరా ఒలికి అరచేతి మేర మరక ఉంది. టైపు చేసిన ఇద్దరూ దాని కింద ఏముండొచ్చో ఊహించి ఏదో ఒకటి కొట్టారు. జనార్ధనరావుగారు రెండూ తీసేసి 'మరక కింద ఏముందో నాకు తెలియదు. ఊహించను' అని రాశారు.

మరక కింద అర పెన్నీ ఊహించని మనిషి నాలుగు పైకప్పులు ఊహించడమేమిటి? ఆమెకి మతి పోయింది. ఇంక అడిగేద్దామని ఆదివారం పొద్దున్నే బుకిట్ పంజాంగ్ వెళ్ళింది.

తలుపు తీసింది లీలావతిగారు. "ఆయన లేరమ్మా. టెక్కా మార్కెట్‌కి వెళ్ళారు కూరలకి. కూర్చో, కాఫీ ఇస్తాను." ఇస్తూ ఇస్తూ నవ్వారు. "ఆ టెక్కా బస్సువాళ్ళకి కూడా ఈయన అలవాటైపోయారు. నీ పైకప్పుకైతే మూడుసార్లు తిరిగారు పనసపొట్టు దొరక్క."

"నా పైకప్పా ఆంటీ?"

లీలావతిగారు నాలిక కరుచుకున్నారు. "అదేనమ్మా. బొగ్గుల పాకది."

"నా పైకప్పు అన్నారు మీరు."

లీలావతిగారు కాసేపు కొంగు అంచు సర్దుకున్నారు. అబద్ధం ఆవిడకి రాదు. ఇంట్లో ఆ శాఖ మొగుడిది.

"మేం ఇంట్లో అలాగే అనుకుంటాం తల్లీ. వరుణ్ పైకప్పు, కౌశల్ పైకప్పు, నీ పైకప్పు, మీ చైనా బాసు పైకప్పు."

"వరుణ్ పైకప్పేంటి?"

"ఆ కూరగాయల కంపెనీ మూసేశారుగా. ఆ పిల్లాడు ఎవరికీ చెప్పకుండా రోజూ టై కట్టుకుని దిగి, పక్క బ్లాకు కింద బల్ల మీద సాయంత్రం దాకా కూర్చునేవాడు. ఈయన చూశారు. కౌశల్‌కి ఏదో పరీక్ష పోయింది, ఇంటికి ఫోన్ చెయ్యడం మానేశాడు."

"మరి నాది? నేనెవరికీ చెప్పలేదే."

"నీ కంప్యూటర్ పక్కన ఆ అబ్బాయి ఫొటో ఉండేదటగా. ఒకరోజు లేదట. నిన్నటి కాపీలో ఉన్నది ఇవాళ్టి కాపీలో లేకపోతే వెరిఫయర్‌కి కనిపించదా లీలా అన్నారు."

స్పందన కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. తువ్వాలు వేసుకుని తల వంచుకున్న వరుణ్, పక్కనే ఆ బ్యాంకు ఆఫీసరు గుర్తొచ్చారు. ఇప్పుడు వరుణ్ ఉద్యోగం ఆ బ్యాంకులోనే.

"అయితే మామూలుగానే భోజనానికి పిలవొచ్చుగా ఆంటీ. ఈ ఫౌండ్రీ ఎందుకు?"

"నేనూ అదే అన్నానే. పిలిస్తే వస్తారా వాళ్ళు, ఏదో తెలిసిపోయింది, జాలిపడి పిలిచారు అనుకుని ఇంకా ముడుచుకుపోతారు అన్నారు. అదే పిచ్చాడి ఇంటికైతే, వీడి గోల వీడిదే అనుకుని మొహమాటం లేకుండా వచ్చి తినిపోతారట." లీలావతిగారు గ్లాసు అందుకున్నారు. "నీకు తెలిసినట్టు ఆయనకి తెలియనివ్వకు. తెలిసిందంటే ఇంక పైకప్పులు వెయ్యరు."

సోమవారం స్పందన లిమ్ గారి గదిలోకి వెళ్ళి తలుపు తనే వేసింది. అంకుల్ పేజీల్లో ఒక్క తప్పు కూడా లేదంది. లిమ్ గారు చెయ్యి ఎత్తారు.

"అండ్ ద రూఫ్స్?"

"పుస్తకంలో ఒక్కటే ఉంది. మిగతావి పుస్తకంలోవి కావు." వరుణ్ సంగతి, కౌశల్ సంగతి చెప్పింది. తన సంగతి కూడా చెప్పింది. 

లిమ్ గారు కిటికీ వైపు తిరిగారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. "మై రూఫ్ ఆల్సో నాట్ ఇన్‌సైడ్?"

"లేదు సార్."

అక్టోబరులో లిమ్ గారి షేర్లు నిలువునా కూలిపోయాయి. ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు. ఆఫీసులో రోజూ తెరిచి చూసుకునే షేర్ల స్క్రీను తెరవడం మానేశారంతే. ఆ ఆదివారం ఆయన పక్కన చైనా తాతగారిని కూర్చోబెట్టారు. ఆ తాతగారు ఒకప్పుడు ఉన్నదంతా షేర్లలో పోగొట్టుకుని, మళ్ళీ ఇటుకలు పేర్చి నలుగురు పిల్లల్ని చదివించిన మనిషి. ఇద్దరూ తమ హొక్కియెన్ భాషలో సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు.

"సో హి న్యూ, ఆ. ఆయనకి తెలుసు" అన్నారు లిమ్ గారు కిటికీలోంచి చూస్తూ. పెన్ను మూత తీశారు. "దట్ వడా ఇన్ ద పెరుగు, వెరీ గుడ్ లా." సంతకం పెట్టేశారు.

ఫిబ్రవరిలో ఫౌండ్రీ కట్టడం పూర్తయింది. చివరి పేజీలో కొలిమి వెలిగించారు. ఎబినేజరు మేస్త్రి లెక్క తీర్చి పంపేశారు. హన్నమ్మగారికి వెన్న బాకీ ఇచ్చేశారు. కింద గీత గీసి కోల్ దొర సంతకం పెట్టాడు. సోమవారం నుంచి కొత్త పుస్తకాలు, బోస్టన్‌లో ఎవరో ఉప్పు వర్తకుడివి.

జనార్ధనరావుగారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. లిఫ్టులో మలయ్ ఆంటీ ఎడ్ల సంగతి అడిగితే "వెళ్ళిపోయాయి" అన్నారట. మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తెరిచి, మూత పెట్టేశారు. స్పందన ఆయన బల్ల దగ్గరికి వెళ్ళింది.

"అంకుల్, ఆదివారం ఖాళీయేనా?"

"ఇంకేముందమ్మాయ్. అంతా ఖాళీయే. ఈ ఉప్పువాళ్ళెవరో నాకు తెలియదు."

"అయితే ఆంటీని తీసుకుని మా ఫ్లాట్‌కి భోజనానికి రావాలి. మన ఫౌండ్రీలో కోళ్ళగూటికి పైకప్పు వేస్తున్నారు. మేస్త్రి మీరే."

జనార్ధనరావుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ప్రతి పేజీ నేను చూశాను. కోళ్ళగూడు ఏ పద్దులో ఉందమ్మాయ్?"

"మరక కింద."

ఆయన ఆమె వైపు చూశారు. ఎవరు చెప్పారనీ అడగలేదు, ఎప్పుడు తెలిసిందనీ అడగలేదు. పెదవి మీదికి రాబోయిన నవ్వుని మీసం కింద దాచుకోబోయారు కానీ ఆ మీసం అంత పెద్దది కాదు.

"మరక కింద ఉంటే ఉండొచ్చు" అన్నారు చివరికి. "నేను కాదనలేను."

ఆదివారం అందరూ వచ్చారు. వరుణ్, కౌశల్ వచ్చారు, లిమ్ గారు భార్యతో వచ్చారు, చైనా తాతగారు తువ్వాలుతో వచ్చారు. స్పందన జనార్ధనరావుగారి భుజాన కొత్త ఎర్రంచు తువ్వాలు వేసి, పీట మీద కూర్చోబెట్టి, మొదటి విస్తరి ఆయనకే వడ్డించింది. పులిహోర ఆమె స్వహస్తాలతో చేసింది, జీవితంలో మొదటిసారి. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, కాస్త ఆగారు. అందరూ ఆయన మొహం వైపే చూస్తున్నారు.

"ఉప్పు మరిచిపోయానా అంకుల్?" అంది స్పందన, ప్రాణాలు ఉగ్గబట్టుకుని.

"ఏం ఫరవాలేదమ్మాయ్" అన్నారు జనార్ధనరావుగారు ఇంకో ముద్ద కలుపుతూ. "సోమవారం నుంచి మన బోస్టన్ దొర వస్తున్నాడుగా. ఒక బస్తా అరువడుగుదాం."

"మళ్ళీ మొదలు" అని లీలావతిగారు ఆయన విస్తట్లో రెండో ఆవడ వేశారు.